మోకాటిలో కృత్రిమ బంధనము

మెదకు దుర్గము ఎక్కుటకంటె దిగుట కష్టమని మోకాలు మెలివడినవారు చెప్పుదురు. చెడుగుడు బరిలో కూతకు వెళ్ళినవాడు గిరుక్కున తిరుగబోవును. పాదము నేలను పట్టియుండగా మోకాలు మెలితిరిగి లోపల ‘టప్’ మనును. వాపు కొన్ని వారములకు తగ్గును. కాని మెట్టు దిగునపుడు కాలు పట్టుదప్పుచుండును. తెగినది తొడయెముకను క్రింది యెముకతో ముడివేయు బంధనము. వైద్యులు దీనిని ఎ.సి.ఎల్. అందురు. పూర్తిగా తెగినచో సాధారణముగా అది తనంత తాను అతుకుకొనదు.

యువకులలో ఈ బంధనము సుమారు రెండువందల కిలోల లాగుడునకు ఓర్చును. అంతకంటె గట్టి త్రాడు మానవుడు పేనలేడా? పేనినాడు. గోర్‌టెక్స్ అను కృత్రిమ తంతువు దానికి రెట్టింపునకు మించిన బలము గలది. 1986లో అమెరికా ఔషధ నియంత్రణశాఖ దానిని అనుమతించెను. 1993లో అది విపణినుండి తొలగెను.

కారణము మన బావిగట్టున కనబడును. క్రొత్త మోకు ఎంత గట్టిదైనను, గిలక అంచున ఒరసికొని పోగుపోగుగా తెగును గదా! మోకాటిలో ఎముకకు తొలిచిన రంధ్రపు అంచు అట్టిదే. సజీవమైన బంధనము తన అరుగుదలను తానే పూడ్చుకొనును. నేసిన త్రాడునకు ఆ శక్తి లేదు. రాలిన నూగు కీలులో చేరి వాపు పుట్టించును. 1970 దశకమున కార్డిఫ్ నగరమందు జెంకిన్స్ మొదలగువారు కార్బన్ పోగులను ప్రయోగించిరి. వానిపై క్రొత్త కణజాలము అల్లుకొనునని వారి ఆశ. కాని అట్టి మోకాళ్ళలో పిదప నల్లని పొడి కనబడెను.

శరీరమునకు వెలుపల ఇట్టి పదార్థముల కథ వేరు. 1990 దశకమున హైదరాబాదులో అబ్దుల్ కలాం, ఆయన సహచరులు క్షిపణులకై సాధించిన పదార్థవిజ్ఞానముతో, నిమ్స్ వైద్యుల తోడ్పాటున, పోలియో సోకిన పిల్లలకు కాలిపట్టాలు చేసిరి. మూడు కిలోల లోహపు పట్టా స్థానమున వచ్చినది నాలుగువందల గ్రాములకు మించదు!

టెరిలిన్ బట్టకు మూలమైన పాలియెస్టరుతో ఫ్రాన్సులో రూపొందిన లార్స్ బంధనమును నేటికిని కొందరు శస్త్రవైద్యులు వాడుదురు. దానిపై వాదములు తీరలేదు. ఎక్కువమంది రోగి తొడ వెనుకనుండియో, మోకాలిచిప్ప క్రిందనుండియో స్నాయువును తీసి అమర్చుదురు. అది మొదట నిర్జీవప్రాయమే. క్రమముగా రక్తనాళములు లోనికి పెరిగి, నెలల తరబడి అది బంధనముగా మారును. నడుమ కొంతకాలము బలము తగ్గును కూడ. మోకాలు బాగుగనే యున్నదని ఆటగాడు భ్రమపడు కాలము సరిగా అదియే. తొమ్మిది నెలలు నిండక మునుపే బరిలో దిగినవారికి మరల తెగు ప్రమాదము హెచ్చు.