అయస్కాంతం తెల్లకణాలను మార్చగలదా?

జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల తోటల్లో బోరు మోటార్లు మీకు కొత్త కాదు. మోటారులో కరెంటు పారినంతసేపూ దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది కాబట్టి, ఆ క్షేత్రం కూడా అటూ ఇటూ దిశ మారుతూ ఉంటుంది. దీనివల్ల జబ్బు చేస్తుందని కొందరి భయం. అయస్కాంత కడియం తొడిగితే రోగనిరోధక శక్తి పెరుగుతుందని మరికొందరి నమ్మకం. ఏది నిజం?

ముందు కొలతలు చూద్దాం. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 0.4 గాస్. ఆసుపత్రిలోని 1.5 టెస్లా ఎమ్మారై యంత్రంలో అది 15,000 గాస్. అయినా అందులో పడుకున్న రోగి రక్తం అయస్కాంతానికి అంటుకుపోదు. రక్తంలోని ఇనుము మేకులోని ఇనుము వంటిది కాదు. హిమోగ్లోబిన్‌లో అది విడివిడి పరమాణువులుగా ఉంటుంది. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం స్వల్పంగా వికర్షిస్తుందనీ, ఆక్సిజన్ వదిలినదాన్ని ఆకర్షిస్తుందనీ 1936లో పౌలింగ్, కోరియెల్ చూపారు. పైగా హిమోగ్లోబిన్ ఉండేది ఎర్రకణాల్లో. సూక్ష్మజీవులతో పోరాడేవి తెల్లకణాలు.

మరి తెల్లకణాలను తీగచుట్టలో ఉంచి పరీక్షిస్తే? ఇక్కడే చిక్కుంది. కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది. ఆ వేడి ఒక్కటే కణాల పనిని మార్చగలదు. అందుకని శాస్త్రజ్ఞులు రెండు తీగలను జంటగా చుడతారు. రెండింటిలో కరెంటు ఒకే దిశలో పారితే క్షేత్రం ఏర్పడుతుంది. ఎదురెదురుగా పారితే క్షేత్రాలు రద్దవుతాయి, వేడి మాత్రం అంతే ఉంటుంది. కణాలను లెక్కించేవారికి ఏది ఏ చుట్టలోదో చెప్పరు.

ఇటువంటి పరీక్షలు కొన్నింటిలో మార్పు కనిపించింది, కొన్నింటిలో లేదు. ఒకచోట వచ్చిన ఫలితం మరోచోట తిరిగి రాని సందర్భాలెన్నో. ఇళ్ళలో కరెంటు వల్ల ఏర్పడే క్షేత్రం ఎక్కువగా ఉన్నచోట పిల్లల్లో లుకేమియా, అంటే తెల్లకణాల క్యాన్సరు, కొంచెం ఎక్కువగా ఉన్నట్లు కొన్ని సర్వేలు చూపాయి. అందువల్ల 2002లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ ఈ క్షేత్రాలను ‘కారణం అయ్యే అవకాశం ఉండవచ్చు’ అనే జాబితాలో చేర్చింది. అవే కారణమని రుజువు కాలేదు.

కడియం రోగనిరోధక శక్తిని పెంచుతుందనడానికీ రుజువు లేదు. జ్వరానికో క్షయకో మందు మాని కడియం తొడిగితే ప్రాణానికే ముప్పు.

ఎనామెల్ పూత ఉన్న రెండు రాగి తీగలను కలిపి పెన్సిలుకు చుట్టండి. మొదటి తీగ చివరను రెండోదాని మొదలుకు కలిపి, మిగిలిన కొనలను టార్చి సెల్లుకు ఒక్క క్షణం తాకించి, దిక్సూచిని గమనించండి. తరువాత చివరను చివరకే కలిపి చూడండి. ముల్లు ఏం చేసింది?