పసుపు పొట్లం మీద పండించినవారి పేరు

ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములను మార్కెట్ యార్డుకు తోలే బదులు, ఒక రైతు కుటుంబం తానే పొడి పట్టించి సొంత పేరుతో అమ్మాలనుకున్నప్పుడు, సేద్యంలో ఎన్నడూ ఎదురుకాని రెండు ప్రశ్నలు ముందుకొస్తాయి: ఆ సరుకును జనం ఏ పేరుతో గుర్తుపట్టాలి, దానిని ఎలాంటి పొట్లంలో పెట్టాలి. మొదటిది బ్రాండింగ్, అంటే పేరు, గుర్తు, రంగు, అక్షరాల తీరు అన్నీ కలిసి కొనేవారి మనసులో నిలిపే గుర్తింపు, రెండవది ప్యాకేజింగ్.

పేరును 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం కింద నమోదు చేయించుకుంటే 10 ఏళ్లపాటు రక్షణ లభిస్తుంది, గడువు తీరాక పొడిగించుకోవచ్చు. అయితే ప్రాంతం పేరునో పంట పేరునో మాత్రమే గుర్తుగా పెట్టుకుంటే, అవి అందరూ వాడుకునే మాటలు గనుక, సాధారణంగా నమోదు దొరకదు. గుంటూరు సన్నం మిరపకు లభించిన భౌగోళిక గుర్తింపు సైతం ఆ ప్రాంతపు రైతులందరి ఉమ్మడి ఆస్తి. అధీకృత వినియోగదారుగా నమోదైన కుటుంబం దానిని వాడుకుంటూనే, పక్కన తన సొంత పేరును నిలుపుకోవాలి.

పొట్లం విషయంలో పొరపాట్లు ఎక్కువ. గోధుమరంగు కాగితంతో చేసి, లోపలి సరుకు కనిపించేలా మధ్యలో పారదర్శకమైన కిటికీ అమర్చిన సంచి చూపులకు ప్రకృతికి దగ్గరగా తోస్తుంది గాని, దానిని చింపి చూస్తే కాగితానికి లోపల ప్లాస్టిక్ పొర, కొన్నిటిలో అల్యూమినియం పొర కూడా అతుక్కుని ఉంటాయి. ఆ పొరలను విడదీయడం కష్టం కాబట్టి అది రీసైక్లింగ్‌కు వెళ్లక చెత్తకుప్పకే చేరుతుంది. పైగా పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ అనే పదార్థం వెలుతురు తగిలితే క్షీణిస్తుంది గనుక, సరుకును చూపించడానికి పెట్టిన ఆ కిటికీయే సరుకును పాడుచేస్తుంది. అలాగని ఉత్త కాగితం చాలదు. తేమ సోకిన పొడి గడ్డకట్టి బూజు పడుతుంది. మట్టిలో కలిసిపోతాయని చెప్పి అమ్మే, పీఎల్ఏ అనే జీవ ప్లాస్టిక్‌తో చేసిన సంచులు కూడా పెరటి ఎరువుగుంటలో తేలిగ్గా కుళ్లవు, వాటికి సుమారు 60 డిగ్రీల వేడి నిలిచే కంపోస్టు కేంద్రం కావాలి.

కాబట్టి పొడిని ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసిన, వెలుతురు చొరని సంచిలో పెట్టడం, కొమ్ములను మాత్రం నూలు సంచిలోనో మందపాటి కాగితపు సంచిలోనో ఇవ్వడం మేలు, ఎందుకంటే కొమ్ములు పొడి అంత త్వరగా చెడవు. గాజు సీసా సరుకును బాగా కాపాడుతుంది గాని బరువు వల్ల రవాణాకు ఎక్కువ ఇంధనం ఖర్చవుతుంది. ఖాళీ సీసాలు తిరిగి తెచ్చే దగ్గరి ఖాతాదారులకే అది తగినది. పాత వార్తాపత్రికల్లో చుట్టివ్వడాన్ని, సిరాలోని రసాయనాలు ఆహారంలోకి చేరతాయన్న కారణంతో, 2018 నాటి ఆహార ప్యాకేజింగ్ నిబంధనలు నిషేధించాయి.

ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల సంఖ్య, నికర బరువు, తయారీ తేదీ, ధర, చిరునామా, శాకాహారాన్ని తెలిపే ఆకుపచ్చ గుర్తు వంటివి లేబుల్‌పై ఎలాగూ తప్పనిసరి. వాటి సరసన ఊరి పేరును, కోత కోసిన నెలను, ఖాళీ సంచిని ఏం చేయాలన్న ఒక్క వాక్యాన్ని తెలుగులో అచ్చు వేయించాలి; నిరూపించలేని పక్షంలో ‘పర్యావరణహితం’ అన్న మాటను మాత్రం ఏ రైతు కుటుంబమూ తన పొట్లంపై వేయించకూడదు.