మనుష్యుని పూర్వోత్తరములు – ప్రభుత్వ లేఖ్యములు

ఎఱుగని వానితో వ్యవహారము పడినప్పుడు, అతఁడెట్టివాఁడో విచారించుట మన పెద్దల యాచారము. పిల్లనిచ్చుటకు మున్ను అటేడు తరములు, ఇటేడు తరములు చూడవలెనని వారందురు. పూర్వకాలమున నీ విచారణ సులభముగా నుండెను. ఊరు చిన్నది, రచ్చబండకడ నడిగిన నలుగురును నిజము చెప్పెడివారు, భూమి సంగతి కావలెనన్నఁ గరణముగారి దస్త్రముండెను. వంశపారంపర్యమైన ఆ కరణీకములు 1984లో రద్దయ్యెను. నేఁడు మన జూపాడు బంగ్లా కర్నూలు గుంటూరు మార్గముమీఁద నుండుటచే నెందఱో వచ్చుచు పోవుచున్నారు. మన మండలములోని పోతిరెడ్డిపాడుకడనే శ్రీశైలము కుడి ప్రధాన కాలువకు నీరు విడుతురు. బాటయు నీరును గలచోట భూమికి విలువ హెచ్చును. విలువ హెచ్చినచోటికిఁ దెలియని బేరగాండ్రును వత్తురు. ఒక కుటుంబము ఇరువదియేండ్లు కూడఁబెట్టిన ధనము ఒక్క సంతకముతోఁ బోవచ్చును. కావున మనుష్యుని పూర్వోత్తరములను న్యాయముగాఁ దెలిసికొను మార్గములను విద్యార్థిసోదరులకు సంగ్రహముగా వివరింపఁబూనితిమి.

మొదట తెలియవలసినది పేరు. మన ప్రాంతమున మద్దిలేటి, నాగన్న, హుస్సేను, ఏసన్న యను పేరుగలవారు ప్రతిగ్రామమునందును బెక్కుమంది యుందురు. పేరొక్కటి చూచి యితఁడే యతఁడని నిశ్చయించుట మిక్కిలి ప్రమాదము. ఇంటిపేరు, తండ్రిపేరు, గ్రామము, వయస్సు అను నాలుగును గలిసినఁగాని మనుష్యుఁడు గుర్తుపట్టఁబడఁడు. ఈ నాలుగింటిని ముందుగా నొక కాగితముపై వ్రాసికొని, ప్రతి లేఖ్యమును వానితో సరిపోల్చుచు రావలెను.

ఇఁక భూమి నమ్మఁజూపువాని సంగతి యనుకొందము. అందఱికిని తెఱచియుండు లేఖ్యములలో ముఖ్యమైనవి రిజిస్ట్రారు కార్యాలయమునందలివి. 1908 సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టములోని 57వ సెక్షను ప్రకారము, స్థిరాస్తి దస్తావేజులు నకలు చేయఁబడిన ఒకటవ పుస్తకమును, దాని సూచికలను, రుసుము చెల్లించిన యెవరైనను జూడవచ్చును; నకలును బొందవచ్చును. వీలునామాలుండు మూడవ పుస్తకపు నకలు, వ్రాసినవాఁడు బ్రదికియున్నంతవఱకు నతనికిఁ గాని యతని యేజంటునకుఁ గాని తప్ప నితరులకియ్యరు. నాలుగవ పుస్తకపు నకళ్లు సంబంధించిన కక్షిదారులకు మాత్రమే. చట్టమే యిట్లు తలుపు కొంత తెఱచి కొంత మూసియుంచినది.

ఆ కార్యాలయమిచ్చు ఇ.సి. యను పత్రమునందు, ఒక భూమిపైఁ గోరిన కాలములో జరిగిన అమ్మకములు, తనఖాలు, దానములు, పంపకములు కనఁబడును. మన రాష్ట్రమున సామాన్యముగా 1983 మొదలుకొని జరిగినవి కంప్యూటరునందు దొరకును. అంతకు మున్నటివానికిఁ బాతపుస్తకములు తిరుగవేయింపవలెను. అయితే ఇ.సి. శుభ్రముగా నున్నంతమాత్రమున నంతయు శుభ్రమని తలఁపరాదు. అన్నదమ్ములు నోటిమాటగాఁ జేసికొన్న పంపకములు, రిజిస్టరు కాని వీలునామాలు దానియందుఁ గానరావు. వీలునామాను రిజిస్టరు చేయింపవలెనన్న నిర్బంధము చట్టమున లేదు.

కావున రెండవ సాక్ష్యముగా రెవిన్యూ లేఖ్యములను జూడవలెను. అడంగలు సర్వేనెంబరు వారీగా నేలపై నెవరు సాగుచేయుచున్నారో, ఏ పైరు వేసిరో తెలుపును. 1-బి యను రిజిస్టరు ఖాతా వారీగా నొక్కొక్కని పేర నెంత భూమి కలదో తెలుపును. ఈ హక్కుల రిజిస్టరునకు మూలము 1971 సంవత్సరపు పట్టాదారు పాసుపుస్తకముల చట్టము. మీభూమి యను ప్రభుత్వ వెబ్‌సైటు 2015లో వెలసినప్పటినుండి వీనిని ఇంటనుండియే చూచుటకు వీలు కలిగినది. రిజిస్ట్రారు పుస్తకమున నొక పేరును, అడంగలులో వేఱొక పేరును ఉన్నచోఁ గారణ మడుగక ముందడుగు వేయరాదు. ప్రభుత్వము పేదలకిచ్చిన భూములను, అనఁగా డి.పట్టా భూములను, 1977 సంవత్సరపు చట్టము అన్యాక్రాంతము చేయరాదని నిషేధించెను. 2023లో ఆ చట్టమునకుఁ గొన్ని సవరణలు జరిగెను. రిజిస్ట్రేషను నిషిద్ధమైన భూముల పట్టికకు 22-ఎ జాబితా యని పేరు. కొనువాఁడు దానిని జూచుట తప్పనిసరి.

లేఖ్యమునకుఁ గల బలమును మన జిల్లాలవారు చక్కగా నెఱుఁగుదురు. 1858లో మద్రాసు ప్రభుత్వము ఇనాముల విచారణకై కమీషనును నియమించెను. ఆనాఁడు వ్రాసిన రిజిస్టర్లలో ఇనాముదారుని పేరు, ఆ భూమి యే నిమిత్తమియ్యఁబడెనో ఆ వివరమును గలవు. వానిని న్యాయస్థానములు నేఁటికిని గౌరవించుచున్నవి. మఱియొకటి: శ్రీశైలము జలాశయముక్రింద కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాల గ్రామములెన్నియో మునిఁగెను. భూమి కోల్పోయిన కుటుంబములవారికి ఉద్యోగములలో నవకాశము కల్పించుచు 1986లో 98వ నెంబరు ప్రభుత్వోత్తరువు వెలువడెను. అప్పుడు తాము నిజమైన నిర్వాసితులమని చూపుటకుఁ గుటుంబములకుఁ గావలసివచ్చినది ఆ పాతకాగితమే. ఊరు నీటఁ గలసినను కాగితము నిలిచినవాఁడు తన హక్కును జెప్పికొనఁగలిగెను. కాఁబట్టి లేఖ్యములు మోసగానిని బట్టుకొనుటకే కాదు, నిజాయితీపరుని గాపాడుటకును సాధనములు.

మూఁడవది న్యాయస్థానముల లేఖ్యము. దేశమందలి జిల్లా కోర్టుల వ్యాజ్యముల వివరములు ఈ-కోర్టుల వెబ్‌సైటునఁ గక్షిదారు పేరునుబట్టి వెదకవచ్చును. ప్రతి వ్యాజ్యమునకు సి.ఎన్.ఆర్. యను పదునాఱక్షరముల గుర్తుండును. ఇచ్చట మూఁడు జాగ్రత్తలు కావలెను. పేరు కనఁబడినవాఁడు ఫిర్యాదియో ప్రతివాదియో చూడవలెను. వ్యాజ్యము నడుచుచున్నదో తీరినదో చూడవలెను. నేరము మోపఁబడుట నేరము రుజువగుట కాదని యెన్నఁడును మఱవరాదు. నిర్దోషిగా విడుదలయైన వానిని వ్యాజ్యమున్నదని నిందించుట తీర్పును ద్రోసిపుచ్చుటయే.

ప్రజాప్రతినిధులు కాఁగోరువారి విషయమునఁ దలుపు మఱింత తెఱువఁబడినది. అభ్యర్థి తనపైఁ గల క్రిమినలు వ్యాజ్యములు, ఆస్తులు, అప్పులు, విద్యార్హతలు వోటరులకుఁ దెలియఁజేయవలెనని 2002లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 2003లో ఆ హక్కును స్థిరపఱచెను. నాఁటినుండి అభ్యర్థులు నామినేషనుతోఁ బ్రమాణపత్రము దాఖలు చేయుచున్నారు. ఎన్నికల సంఘమువారి వెబ్‌సైటున వానిని ఎవరైనఁ జదువవచ్చును. పదునెనిమిదేండ్లు నిండినంతనే వోటరులు కాఁబోవు మన పై తరగతుల విద్యార్థు లీ యభ్యాసమును జేసికొనుట మంచిది.

ప్రభుత్వకార్యాలయమున నున్న ప్రతి కాగితమును అందఱిదని తలఁపరాదు. సమాచార హక్కు చట్టము 2005 అక్టోబరు 12 నుండి అమలులోనికి వచ్చి, సామాన్యముగా ముప్పది దినములలోఁ బ్రత్యుత్తరమియ్యవలెనని విధించినది. కాని వ్యక్తిగత సమాచారమునకు 8వ సెక్షనులోనే మినహాయింపు గలదు. 2023 సంవత్సరపు వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము ఆ మినహాయింపును మఱింత విస్తరింపఁజేసినది. గోప్యత ప్రాథమికహక్కని సుప్రీముకోర్టునందలి తొమ్మండ్రు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న నేకగ్రీవముగా నిర్ణయించిరి. కావున వైద్యశాల కాగితములు, బ్యాంకు లెక్కలు, ఆధారు సంఖ్య, పాఠశాలలోని మార్కుల వివరములు మనము కూపీతీయఁదగినవి కావు. వానిని డబ్బిచ్చి సంపాదించి పెట్టుదుమను మధ్యవర్తులను దూరముగా నుంచవలెను.

అన్నిటికంటెను ముఖ్యమైన విషయము చెప్పి ముగించెదము. లేఖ్యమునఁ గీడు కనఁబడినప్పుడు, ఊరిలోఁ జెప్పుటకు మున్ను ఆ మనుష్యునే యడుగవలెను. గుమాస్తా వ్రాఁతలో తండ్రిపేరు తాఱుమాఱైయుండవచ్చును. వేఱొక మద్దిలేటి యప్పు మన మద్దిలేటి తలకుఁ జుట్టుకొనియుండవచ్చును. పేరు తొందరగాఁ జూచి మాట తొందరగా నాడుటచే నొక యాఁడుపిల్ల సంబంధము తప్పిపోవును. ఒక పేదవాని కొలువు చేజారును. ఆ నష్టమును ఏ రిజిస్ట్రారును దిద్దజాలఁడు. అవసరమున్నంతవఱకే వెదకుట, రెండు లేఖ్యములు కలిసినఁగాని నమ్మకుండుట, అతని సమాధానము వినుట, పని తీఱినపిదప తెలిసినదానిని మనసునందే యుంచుకొనుట – ఈ నాలుగు నియమములను బాటించువాఁడు తాను మోసపోఁడు. ఇతరునకు నన్యాయము చేయఁడు. మన విద్యార్థులు తమ యింటి పెద్దలు సంతకము చేయుటకు మున్ను ఆ కాగితములను జదివి వినిపింతురేని, వారు నేర్చిన యక్షరములకు సార్థక్యము కలుగును.