మీకు తెలుసా? ఒకే ముఖం, మూడు వీపులు

కాన్వాస్ మీద టెంట్ కుట్టును, అంటే చిన్న ఏటవాలు కుట్టును, మూడు పద్ధతుల్లో వేయవచ్చు. ముందు వైపు మూడూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, తేడా అంతా వెనకే!

హాఫ్ క్రాస్ అంటే మనం మ్యాటీ గుడ్డ మీద వేసే ఇంటూ కుట్టులో మొదటి సగమే. వెనక పొట్టి నిలువు కుట్లు పడతాయి, దారం బాగా ఆదా. కాంటినెంటల్‌కు దారం ఎక్కువ పట్టినా వెనక పొడుగాటి ఏటవాలు కుట్లతో పని దట్టంగా వస్తుంది. అయితే ఈ రెండూ కాన్వాస్‌ను ఓ పక్కకు లాగేస్తాయి. ఐమూలగా కుట్టుకుంటూ పోయే బాస్కెట్‌వీవ్‌లో ఆ బెడద ఉండదు. వెనక అచ్చం బుట్ట అల్లికే. రోజూ కూర్చునే కుర్చీ దిండ్లకు ఇదే మేలు.

నేర్చుకోవడం మొదలుపెడుతున్నవారు కాన్వాస్ కొనేటప్పుడు కౌంట్ చూసుకోండి: 14 కౌంట్ అంటే అంగుళానికి 14 కుట్లు, చదరపు అంగుళానికి 196. సూది మాత్రం మొద్దు మొనదే తీసుకోండి.