ఎరిక్ అను పేరు

మన బందరు తీరమున క్రైస్తవ కుటుంబములలో బాలురకు పెట్టుచు వచ్చిన పేర్లను పరికించినచో అవి ముఖ్యముగా మూడు తెగలుగా కానవచ్చును. యోహాను, పౌలు, దావీదు మొదలగునవి వేదగ్రంథమునుండి వచ్చినవి. రత్నము, భూషణము, ఆనందరావు మొదలగునవి మన భాషలోనివి. ఇక ఎరిక్, హెరాల్డ్, ఎడ్వర్డ్ మున్నగునవి కలవు. ఇవి వేదగ్రంథమునందును లేవు, మన భాషయందును లేవు. అయినను ఈ మూడవ తెగవానినే అసలైన క్రైస్తవనామములని తలంచువారు మనలో ననేకులు గలరు. ఈ తలంపు ఎంతవఱకు నిజమో, ఎరిక్ అను నొక్క పేరును గైకొని విచారింతము.

ఆదికాండము మొదలు ప్రకటన గ్రంథము వఱకు వెదకినను ఎరిక్ అనువాడు కానరాడు. ఇది స్వీడన్, డెన్మార్కు, నార్వే, ఐస్‌లాండు దేశములవారి పేరు. వారి ప్రాచీన భాషలో దీని రూపము ‘ఐరీకర్’. ఇందు రెండు పదములు గలవు. మొదటిదానికి ‘ఒక్కడు’ అని కొందఱును, ‘ఎల్లప్పుడు’ అని కొందఱును పండితులు అర్థము చెప్పుదురు. రెండవదానికి ‘ప్రభువు, బలవంతుడు’ అని యర్థము. కావున ఎరిక్ అనగా ఏకరాజు, లేదా నిత్యరాజు. ఇందొక వింత గలదు. ఆ రెండవ పదమును, లాటినులో రాజునకు పేరైన ‘రెక్స్’ శబ్దమును, మన ‘రాజ’ శబ్దమును ఒక్క మూలమునుండి పుట్టినవే. మొదటిదానికి ‘ఒక్కడు’ అను నర్థమునే గ్రహింతుమేని అదియు మన ‘ఏక’ శబ్దమునకు దాయాదియే యగును. అంతదూరపు చలిదేశమునుండి వచ్చిన పేరు మన రాజుకు చుట్టమని తేలినది! ఫ్రెడరిక్ అను పేరు తుదనున్నదియు ఈ పదమే. కావున 1842లో గుంటూరునకు వచ్చిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు గారి పేరునందును ఒక రాజు దాగియున్నాడు.

ఈ పేరు గలవారిలో మిక్కిలి ప్రసిద్ధుడు ఎఱ్ఱ ఎరిక్. అతడు నరహత్యాదోషమున ఐస్‌లాండునుండి వెడలగొట్టబడి, పడమటి సముద్రమున మంచుతో నిండిన యొక మహాద్వీపమును చూచి, జనులు ఆశపడి వత్తురని దానికి ‘పచ్చని నేల’ అను నర్థమిచ్చు గ్రీన్‌లాండు అను పేరు పెట్టెను. క్రీ. శ. 985 ప్రాంతమున జనులను తోడ్కొనిపోయి అచ్చట కాపురము నిలిపెను. పేరునకెంత బలము గలదో అతనికి బాగుగనే తెలియును. అతని భార్య క్రైస్తవురాలై దేవాలయము కట్టించినను, అతడు మాత్రము పాతదేవతలను విడువలేదని ఐస్‌లాండు కథలు చెప్పుచున్నవి. ఇదే పేరు గల మఱియొకడు స్వీడన్ రాజు. అతడు 1160లో ఉప్సాలా యొద్ద శత్రువులచే చంపబడి, పిమ్మట పరిశుద్ధుడుగా ఎన్నబడెను. మే 18 అతని స్మారకదినము. స్టాక్‌హోము నగరచిహ్నమునందు నేటికిని అతని శిరస్సే యున్నది. ఒకడు పాతదేవతల భక్తుడు, ఒకడు క్రైస్తవ పరిశుద్ధుడు. ఇరువురి పేరును ఎరిక్కే. ఆ జనులు బాప్తిస్మము పొందినపుడు తాతలనాటి పేర్లను నీట విడువలేదు. వాడుకచేత ఆ పేర్లే క్రైస్తవములైనవి.

మన యూరనే దీనికి సాటి చూపవచ్చును. రాబర్టు నోబిలు దొరగారు 1843లో బందరున స్థాపించిన పాఠశాలలో చదువుచుండిన మంచాల రత్నము, అయినాల భూషణము అనువారు 1852లో బాప్తిస్మము పొందిరి. ఊరెల్ల అల్లకల్లోలమై పాఠశాల దాదాపు శూన్యమయ్యెను. ఇంత జరిగినను వారు పేర్లు మార్చుకొనలేదు. గురువులైన పిదపను రత్నముగారు రత్నముగారే, భూషణముగారు భూషణముగారే. కీర్తనకర్త పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) సాక్షాత్తు విష్ణునామమునే కడవఱకు ధరించి క్రీస్తును పాడిరి. తెలుగుపేరు పెట్టినచో బిడ్డ క్రైస్తవుడు కాడేమో యని జంకు తలిదండ్రులు వీరిని తలంచుట మంచిది. ఎరిక్ అని పెట్టవలదని మా మాట కాదు, ముచ్చటపడి పెట్టవచ్చును. భక్తికొఱకై పెట్టుచున్నామని మాత్రము చెప్పనక్కఱలేదు.

ఆ దేశములందు ఈ పేరు మఱియొక విధమున వ్యాపించినది. పూర్వము వారికి మనవలె ఇంటిపేర్లు లేవు. తండ్రిపేరునకు ‘సన్’ అని చేర్చి కుమారుని పిలుచువారు. ఎఱ్ఱ ఎరిక్ కుమారుడు, క్రీ. శ. 1000 ప్రాంతమున ఉత్తర అమెరికా తీరమున దిగిన లీఫ్, ఈ రీతిగనే ఎరిక్సన్ అనబడెను. ఐస్‌లాండువారు నేటికిని ఇట్లే చేయుదురు. కుమార్తెకు ‘డోట్టిర్’ అని చేర్తురు. మనకు మంచాల, అయినాల యని వంశము ముందు నడచును. వారికి తండ్రి వెనుక నడచును. స్వీడన్‌లో కాలక్రమమున ఈ తండ్రిపేర్లు ఇంటిపేర్లుగా గట్టిపడినవి. 1876లో స్టాక్‌హోమున స్థాపితమైన టెలిఫోను సంస్థ ఎరిక్సన్ పేరు అట్టిదే.

మనము హ్రస్వముగా ‘ఎరిక్’ అనుట ఇంగ్లీషువారి పద్ధతి. స్వీడన్‌వారు ‘ఏరిక్’ అని దీర్ఘము తీయుదురు. ఆడుబిడ్డకు ఎరికా. మన ‘ఎఱుక’కు దీనితో నెట్టి సంబంధమును లేదు, కావున ఎరిక్ అను బాలునికి పాఠము ఎఱుక లేకున్నచో దోషము పేరుది కాదు.

ఉత్తరదేశపు పేర్లు ఈ తీరమునకు క్రొత్తవి కావు. నేడు గిలకలదిండి మరపడవలు సాగు ఈ సముద్రముమీదనే, 1620లో తరంగంబాడి చేరిన డేనులు కొలదికాలములోనే మచిలీపట్టణమునకును వర్తకమునకై వచ్చిరి. వారి నావికులలో ఎరిక్ అనువాడొకడైనను ఉండియే యుండును. 1788 మొదలు 1848 వఱకు గల గుంటూరు జిల్లా చరిత్రమును వ్రాసి 1965లో ప్రకటించిన పండితుడు రాబర్టు ఎరిక్ ఫ్రైకెన్‌బర్గు. ఇంగ్లీషువారిలో ఈ పేరు ప్రబలుటకు 1858లో ఫరార్ వ్రాసిన ‘ఎరిక్’ అను పాఠశాలకథ గొప్ప కారణము.

ఇక ఎరిక్ లిడెల్ సంగతి. చైనాలో మిషనరీల యింట 1902లో పుట్టిన ఇతనికి మొదట హెన్రీ ఎరిక్ అని పెట్టనెంచిరనియు, పొడియక్షరములు కూర్చినచో ఇంగ్లీషున నరకమును స్ఫురింపజేయునని ఒక మిత్రుడు చెప్పగా ఎరిక్ హెన్రీ అని తిప్పిరనియు చెప్పుదురు. 1924లో పారిస్ ఒలింపిక్ పందెములలో, ఆదివారము పరుగెత్తనని నూఱు మీటర్ల పందెమును విడిచి, నాలుగువందల మీటర్ల పందెమున స్వర్ణపతకము గెలిచెను. మఱుసటి యేడు చైనాకు మిషనరీగా పోయెను. యుద్ధకాలమున జపానువారి నిర్బంధ శిబిరములో నుండి, అచ్చటి పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆటలు నడపుచు, 1945 ఫిబ్రవరిలో మెదడునందలి కంతిచే మరణించెను.