వెనకబడి గెలిచిన జట్టు

2023 అక్టోబరు 1. సిడ్నీలో ఆస్ట్రేలియా నేషనల్ రగ్బీ లీగ్ గ్రాండ్ ఫైనల్. ఇరవై నిమిషాల ఆట మిగిలి ఉండగా బ్రిస్బేన్ బ్రాంకోస్ 24, పెన్రిత్ పాంథర్స్ 8. ఎజ్రా మామ్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు ఒక్కడే మూడు ట్రైలు చేశాడు. 2006 తర్వాత టైటిల్ మొహం చూడని బ్రిస్బేన్ పండగకు సిద్ధమైపోయింది. అక్కడి నుంచి పెన్రిత్ హాఫ్‌బ్యాక్ నేథన్ క్లియరీ ఆటను తన చేతుల్లోకి లాక్కున్నాడు. తుది స్కోరు 26-24, పెన్రిత్‌ది గెలుపు. బ్రాంకోస్‌కు చేతికి అందింది నోటికి అందలేదు.

ఆ దెబ్బ నుంచి జట్టు తేరుకోలేదు. మరుసటి ఏడాది పదిహేడు జట్ల పట్టికలో పన్నెండో స్థానంతో సరిపెట్టుకుంది. మొదటి ఎనిమిది జట్లే ఫైనల్స్‌కు వెళతాయి కాబట్టి సెప్టెంబరు రాకముందే సీజన్ ముగిసిపోయింది. కోచ్ కెవిన్ వాల్టర్స్ ఆటగాడిగా ఇదే క్లబ్బుకు టైటిళ్లు తెచ్చినవాడు, అభిమానులకు ఇంటిమనిషి. అయినా ఆయన్ను సాగనంపారు. ఆ కుర్చీలోకి మైకేల్ మగ్వైర్ వచ్చాడు. ఏడాది తిరిగేసరికి, 2025 అక్టోబరు 5న, బ్రాంకోస్ చేతిలో కప్పు ఉంది.

ఇంత వేగంగా ఒక జట్టు దశ తిరిగితే కొత్తవాళ్లను కొని తెచ్చారేమో అనిపిస్తుంది. ఇక్కడ అది చాలా తక్కువ. 2023లో పదహారు పాయింట్ల ఆధిక్యాన్ని జారవిడిచిన రీస్ వాల్ష్, పేన్ హాస్, పాట్ క్యారిగన్, ఆడమ్ రేనాల్డ్స్, ఎజ్రా మామ్‌లే 2025లోనూ ఉన్నారు. ప్రతిభ అప్పుడూ ఉంది. లేనిదల్లా ఆఖరి ఇరవై నిమిషాలు నిలబడే సత్తా. మగ్వైర్ సీజన్ అంతా పట్టుబట్టి నేర్పింది అదొక్కటేనని నా నమ్మకం. ఫైనల్స్‌లో ఆ జట్టు గెలిచిన మూడు మ్యాచ్‌లూ దానికి సాక్ష్యం.

ఆట సంగతి

బ్రిస్బేన్ అంటే తెలుగు పాఠకులకు గబ్బా మైదానం గుర్తొస్తుంది. 2021 జనవరిలో మన హైదరాబాదీ సిరాజ్ ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీసింది అక్కడే. అయితే క్రికెట్ అక్కడ వేసవి ఆట. చలికాలం వచ్చిందంటే క్వీన్స్‌లాండ్, న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రాల్లో జనం మాట్లాడుకునేది రగ్బీ లీగ్ గురించే.

జట్టుకు పదమూడు మంది. బంతి పట్టుకుని పరిగెత్తాలి. చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. ఎదుటివాళ్లు పట్టి పడేస్తారు, అదే టాకిల్. ఆరుసార్లు పట్టుబడే లోపు గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, నాలుగు పాయింట్లు. ఆ తర్వాత స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నితే ఇంకో రెండు, దీన్ని కన్వర్షన్ అంటారు. ఆట నడుస్తుండగా బంతిని నేలమీదికి వదిలి, అది లేచీ లేవగానే స్తంభాల మధ్యకు తన్నితే ఫీల్డ్ గోల్, ఒక పాయింటు. కబడ్డీ ఆడినవాళ్లకు ఇందులోని కష్టం చెప్పనక్కర్లేదు. కూతకొచ్చినవాణ్ని గీత తాకనివ్వకుండా ఆపే పట్టు ఉందే, దాన్ని ఎనభై నిమిషాల పాటు, వంద కిలోల మనిషి పరుగున మీదికొస్తుంటే, మళ్లీ మళ్లీ పట్టాలి.

పట్టినంత మాత్రాన పని అయిపోదు. టాకిల్ చేసినవాడు లేవాలి, జట్టుతో పాటు పది మీటర్లు వెనక్కి వెళ్లాలి, మళ్లీ ముందుకు ఉరికి ఇంకొకణ్ని ఆపాలి. మ్యాచ్ మొత్తం మీద ఆటగాళ్లను మార్చుకునే అవకాశం ఎనిమిదిసార్లే. మొదటి అర్ధభాగంలో అందరూ చురుగ్గానే వెనక్కి వెళతారు. అరవై నిమిషాలు దాటాక కాళ్లు మొరాయిస్తాయి. ఒకడు వెళ్లాల్సిన చోటికి ఒక్క అడుగు ఆలస్యంగా చేరితే చాలు, పక్కవాడికీ అతనికీ మధ్య సందు ఏర్పడుతుంది. క్లియరీ లాంటివాడు గంట నుంచీ వెతుకుతున్నది ఆ సందునే. 2023లో బ్రాంకోస్ ఓడింది అక్కడ. కోచ్‌ల వ్యూహాల గురించి టీవీ చర్చల్లో ఎంత మాట్లాడినా, ఈ ఆటలో చాలా మ్యాచ్‌లు తేలేది ఆ ఒక్క అడుగు దగ్గరే.

శత్రువుల కోచ్

మగ్వైర్ ఎంపిక బ్రిస్బేన్‌లో చాలామందికి మింగుడు పడలేదు. అందరూ 'మ్యాడ్జ్' అని పిలిచే ఈయన 2024లో న్యూసౌత్‌వేల్స్ కోచ్. స్టేట్ ఆఫ్ ఆరిజిన్ అని ఏటా ఆ రాష్ట్రానికీ క్వీన్స్‌లాండ్‌కూ మూడు మ్యాచ్‌ల సమరం జరుగుతుంది. ఆ సిరీస్ 1-1తో ఉండగా నిర్ణాయక మ్యాచ్‌లో బ్రిస్బేన్ నడిబొడ్డున, సన్‌కార్ప్ స్టేడియంలో, 14-4తో క్వీన్స్‌లాండ్‌ను ఓడించి కప్పు సిడ్నీకి పట్టుకుపోయింది మగ్వైర్ జట్టే. కొన్ని నెలలకే అదే స్టేడియం ఆయన సొంతగడ్డ అయింది.

పాత చరిత్ర చూస్తే ఎత్తుపల్లాలు రెండూ కనిపిస్తాయి. ఇంగ్లండ్‌లో విగన్ క్లబ్బును తన మొదటి ఏడాదిలోనే, 2010లో, విజేతగా నిలిపాడు. 2014లో సిడ్నీలోని సౌత్ సిడ్నీ ర్యాబిటోస్‌కు 43 ఏళ్ల తర్వాత టైటిల్ తెచ్చాడు. మూడేళ్లకే ఆ క్లబ్బు వద్దనుకుంది. వెస్ట్స్ టైగర్స్ 2022లో సీజన్ మధ్యలోనే తీసేసింది. ఆ మరుసటి ఏడాది న్యూజీలాండ్ జాతీయ జట్టు కోచ్‌గా ఆస్ట్రేలియాను 30-0తో ఓడించాడు. ఎక్కడికి వెళ్లినా ఒకటే పద్ధతి: ఒళ్లు హూనమయ్యే సాధన, కుస్తీ పట్లు, రాజీలేని క్రమశిక్షణ. బ్రిస్బేన్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉక్కపోత ఎలా ఉంటుందో కోస్తాలో ఉండేవాళ్లు ఊహించగలరు. ఆ ఎండలోనే ఆటగాళ్ల చేత సీజన్ ముందు సాధన చేయించాడు.

2025 మార్చిలో మొదటి మ్యాచ్. సిడ్నీ రూస్టర్స్‌ను వాళ్ల మైదానంలోనే 50-14తో చిత్తు చేసింది బ్రాంకోస్. అక్కడితో కథ సుఖాంతం అనుకున్నవాళ్లకు మే నెల సమాధానం చెప్పింది. ఓటమి వెంట ఓటమి, పట్టికలో జారుడు. సాధన మోతాదు మించిందని, ఆటగాళ్లు విసిగిపోయారని పత్రికల్లో రాతలు మొదలయ్యాయి. అలాంటి సమయంలో పట్టు సడలించే కోచ్‌లే ఎక్కువ. మగ్వైర్ సడలించలేదు. ఆ సీజన్‌లో ఆయన తీసుకున్న అతి పెద్ద నిర్ణయం నా దృష్టిలో అదే. జూన్ నుంచి విజయాలు మళ్లీ మొదలయ్యాయి. లీగ్ దశ ఆఖరి మ్యాచ్‌లో మెల్‌బోర్న్ స్టార్మ్‌ను ఓడించి బ్రాంకోస్ నాలుగో స్థానం దక్కించుకుంది.

గెహమత్ షిబాసాకి అనే ఆటగాడి ఎదుగుదల కూడా ఆ సీజన్‌దే. ఒకప్పుడు ఇదే క్లబ్బులో ఆడి, బయటికి వెళ్లి, ఎక్కడా నిలదొక్కుకోలేక తిరిగొచ్చాడు. ఒప్పందం కాదు, సాధనలో మెప్పిస్తే చూద్దాం అనే షరతు మీద. మెప్పించాడు. ఏడాది మధ్యకొచ్చేసరికి క్వీన్స్‌లాండ్ రాష్ట్ర జట్టుకూ ఆడాడు. కఠినమైన కోచ్ దగ్గర పేరున్నవాడికీ లేనివాడికీ కొలత ఒకటే కావడం ఇలాంటివాళ్లకు వరం.

మూడు ఆదివారాలు

ఫైనల్స్‌లో మొదటి పరీక్ష కాన్‌బెర్రాలో, పట్టికలో అగ్రస్థానంలో ఉన్న రైడర్స్‌తో. రెండో అర్ధభాగంలో స్కోరు 28-12. వెనకబడింది పదహారు పాయింట్లు. 2023లో తాము పోగొట్టుకున్న ఆధిక్యం అంతే, ఈసారి అది ఎదుటివాళ్ల దగ్గర ఉంది. బ్రాంకోస్ ఒక్కో ట్రై చేస్తూ 28-28కి వచ్చింది. మ్యాచ్ అదనపు సమయానికి వెళ్లింది. ఎనభై నిమిషాల ఆట తొంభై దాటింది. ముప్పై అయిదేళ్ల కెప్టెన్ ఆడమ్ రేనాల్డ్స్ ఫీల్డ్ గోల్ కొట్టాడు. 29-28.

సెమీఫైనల్ సన్‌కార్ప్‌లో. ఎదురుగా మళ్లీ పెన్రిత్, 2021 నుంచి వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచిన జట్టు. విరామానికి 14-0తో పెన్రిత్ ముందుంది. బ్రాంకోస్ రెండు ట్రైలు చేసి దగ్గరికొచ్చింది. ఇక కొద్ది నిమిషాలే ఉన్నాయనగా డైన్ మారినర్ మూడో ట్రై చేశాడు. స్కోరు 14-14. అందరి కళ్లూ కన్వర్షన్ మీద.

ఈ తన్ను దగ్గర కాస్త ఆగాలి. ట్రై ఎక్కడ చేస్తే దానికి తిన్నగా వెనక్కి వచ్చి కన్వర్షన్ తన్నాలన్నది నియమం. స్తంభాలకు ఎదురుగా ట్రై పడితే పని సులువు. మైదానం అంచున పడితే తన్నేవాడి కంటికి రెండు స్తంభాల మధ్య సందు ఇరుకైపోతుంది. రేనాల్డ్స్‌కు ఇలాంటి తన్ను కొత్త కాదు, ఆ స్టేడియమూ కొత్త కాదు. 2021లో కోవిడ్ వల్ల గ్రాండ్ ఫైనల్‌ను సిడ్నీ నుంచి ఇదే సన్‌కార్ప్‌కు మార్చారు. ఆ రోజు రేనాల్డ్స్ సౌత్ సిడ్నీ కెప్టెన్. ప్రత్యర్థి ఇదే పెన్రిత్. ఆట ముగియవస్తుండగా స్కోరు 14-12. అంచు నుంచి అతను తన్నిన కన్వర్షన్ పడి ఉంటే సమమయ్యేది. పడలేదు. తాను పుట్టి పెరిగిన రెడ్‌ఫర్న్ ప్రాంతపు క్లబ్బుకు అతను ఆడిన ఆఖరి మ్యాచ్ అది. వయసు మీద పడుతోందని ఆ క్లబ్బు ఒక్క ఏడాది ఒప్పందమే ఇస్తాననడంతో బ్రిస్బేన్‌కు వచ్చేశాడు.

నాలుగేళ్ల తర్వాత అదే మైదానంలో, అదే ప్రత్యర్థి మీద, అదే రెండు పాయింట్ల కోసం బంతి పెట్టుకున్నాడు. ఈసారి బంతి స్తంభాల మధ్య నుంచే వెళ్లింది. 16-14.

ఇంకో సంగతి. 2014లో సౌత్ సిడ్నీ గెలిచినప్పుడు మగ్వైర్ కోచ్ అయితే, హాఫ్‌బ్యాక్ రేనాల్డ్సే. ఈ కోచ్ పెట్టే బాధ ఎలాంటిదో, దాని చివర ఏం దొరుకుతుందో డ్రెస్సింగ్ రూములో ముందే తెలిసినవాడు కెప్టెన్. మే నెల ఓటముల్లో కుర్రాళ్లు కోచ్‌ను నమ్మడానికి ఆ అనుభవం ఎంత సాయపడి ఉంటుందో ఏ గణాంకాల్లోనూ కనిపించదు.

గ్రాండ్ ఫైనల్‌లో ఎదురైంది మెల్‌బోర్న్ స్టార్మ్. ఈ పోటీలో ఒక పరంపర దాగుంది. బ్రాంకోస్ 1988లో పుట్టిన నాటి నుంచి 2006 దాకా గెలిచిన ఆరు టైటిళ్లూ వేన్ బెనెట్ శిక్షణలోనివే. బెనెట్ దగ్గర సహాయకుడిగా పని నేర్చుకుని మెల్‌బోర్న్ వెళ్లినవాడు క్రెయిగ్ బెల్లమీ. 2003 నుంచి ఇప్పటిదాకా స్టార్మ్ కోచ్ ఆయనే. బెల్లమీ దగ్గర సహాయకుడిగా ఎదిగినవాడు మగ్వైర్. కఠోర సాధన అనే విద్య బ్రిస్బేన్ నుంచి మెల్‌బోర్న్ వెళ్లి, శిష్యుడి శిష్యుడి ద్వారా ఇల్లు చేరిందన్నమాట.

విరామానికి 22-12తో స్టార్మ్ ముందుంది. మళ్లీ వెనకబాటే. రెండో అర్ధభాగం నలభై నిమిషాల్లో స్టార్మ్‌కు దక్కిన పాయింట్లు సున్నా. ఆ పోటీలో పాయింట్లు రాబట్టడంలో ఆరితేరిన జట్టును గ్రాండ్ ఫైనల్ సగభాగం ఖాళీ చేతులతో నిలబెట్టడం మాటలు కాదు. లేచి పది మీటర్లు వెనక్కి, మళ్లీ ముందుకు. ఎనభై వేల మంది చూస్తుండగా బ్రాంకోస్ ఆటగాళ్లు ఒక్క అడుగూ ఆలస్యం చేయలేదు.

ఫుల్‌బ్యాక్ రీస్ వాల్ష్‌కు అత్యుత్తమ ఆటగాడికిచ్చే క్లైవ్ చర్చిల్ పతకం వచ్చింది. తొలి అర్ధభాగంలో రక్షకుల మధ్య మెలికలు తిరుగుతూ ఒంటరిగా చేసిన ట్రై, సహచరుల చేత చేయించిన ట్రైలు జనం గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం ఆఖర్లో అతను చేసిన టాకిల్ ముఖ్యం. స్టార్మ్ ఫుల్‌బ్యాక్ రయన్ పాపెన్‌హైజెన్ ఖాళీ చూసుకుని దూసుకొస్తున్నాడు. దాటితే మ్యాచ్ పోయినట్టే. గోళ్లకు రంగులు, మెరుపు పరుగులు, అడపాదడపా వివాదాలు తప్ప కష్టం తెలియదని విమర్శకులు తేలిక చేసిన వాల్ష్ అడ్డంగా పరిగెత్తి అతన్ని పడగొట్టాడు. ఆటగాణ్ని కోచ్ మార్చాడనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. 26-22.

ఆ జట్టులో ముప్పై అయిదేళ్ల బెన్ హంట్ కూడా ఉన్నాడు. 2015 గ్రాండ్ ఫైనల్‌లో బ్రాంకోస్ తరఫున అదనపు సమయం మొదటి బంతినే జారవిడిచాడు. ఆ వెంటనే నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్ 17-16తో గెలిచింది. పదేళ్లు ఆ ఒక్క బంతి అతన్ని వెంటాడింది. వేరే క్లబ్బుకు వెళ్లి, 2025 సీజన్‌కే తిరిగొచ్చాడు. 2025 గ్రాండ్ ఫైనల్ రోజునే, అదే మైదానంలో బ్రాంకోస్ మహిళల జట్టు సిడ్నీ రూస్టర్స్‌ను 22-18తో ఓడించి టైటిల్ గెలిచింది. దానికి మన పత్రికల్లో మాత్రమే కాదు, అక్కడి పత్రికల్లోనూ దక్కాల్సినంత చోటు దక్కలేదు.

బ్రాంకోస్‌కు టైటిల్ తెచ్చిన కోచ్‌లలో బెనెట్ తర్వాత రెండోవాడు మగ్వైర్. ఇక ముందున్నదే అసలు కష్టం. సౌత్ సిడ్నీలో 2014 టైటిల్ తర్వాత ఏం జరిగిందో చూడండి. 2015లో ఏడో స్థానం, ఫైనల్స్ మొదటి వారమే ఇంటిముఖం. ఆ తర్వాత రెండేళ్లూ ఎనిమిదింటిలో చోటే లేదు, చివరికి కోచ్‌కు ఉద్వాసన. ఇంత కఠినమైన సాధనను ఒక జట్టు ఒక ఏడాది ఓర్చుకుంటుంది, కప్పు కనిపిస్తుంది కాబట్టి. కప్పు చేతికొచ్చాక కూడా నవంబరు ఎండలో అదే బరువు మళ్లీ ఎత్తమంటే ఎత్తుతారా? బెనెట్ ఆటగాళ్లను ఏళ్ల తరబడి తనతో నడిపించగలిగాడు, బెల్లమీ ఇరవై ఏళ్లకు పైగా నడిపిస్తున్నాడు. వాళ్లిద్దరి వరుసలో నిలబడాలంటే మగ్వైర్ తన ఆటగాళ్లకు ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలో కూడా నేర్చుకోవాలి. సౌత్ సిడ్నీలో ఆయనకు అది తెలిసినట్టు లేదు. బ్రిస్బేన్‌లో తెలుసుకునే అవకాశం ఆయనకు ఇప్పుడు ఉంది.