కథలో చిక్కు ఎక్కడ?

రాత్రి భోజనములైన పిదప పిల్లలకు కథ చెప్పుట మన ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. కథ ముగిసిన వెంటనే మనమడుగు ప్రశ్నయు పాతదే: "ఇందులో నీతి ఏమిటి?" పిల్లవాడు మనము మెచ్చు మాట నొకదానిని అప్పజెప్పును. మనము సంతోషింతుము. కాని కథ వానికి అర్థమైనదో లేదో మనకు తెలియదు. నీతి కథకు చివర నుండునది. అంతకు ముందే అడుగవలసిన ప్రశ్న మరియొకటి యున్నది: "ఈ కథలో చిక్కు ఏమిటి?" పసివారికి ఈ ప్రశ్నను అలవాటు చేయుట యెట్లో నేడు ముచ్చటింతము.

పెద్దలు దీనిని సమస్య యందురు. అవధానములో పృచ్ఛకుడు పూరింపుమని యిచ్చు చిక్కు పాదమునకును అదే పేరు. అయిదారేండ్ల బిడ్డకు 'సమస్య' బరువైన మాట. 'చిక్కు' ఇంటి మాట. తల దువ్వించుకొను ప్రతి ఆడపిల్లకును చిక్కు అననేమో తెలియును. దువ్వెన ఎక్కడ ఆగినదో అక్కడ చిక్కున్నది. కథయు అంతే. ఒకరికి ఒకటి కావలెను. దానికి ఏదో అడ్డు వచ్చును. కోరికయు అడ్డును కలిసినచోట చిక్కు పడును.

దాహముగొన్న కాకి కుండలో రాళ్లు వేసిన కథనే తీసికొందము. చిక్కేమని అడిగినచో పిల్లలు తరచుగా "కాకికి దాహం వేసింది" అందురు. ఇది తప్పు కాదు; సగము మాత్రమే. ఏటి ఒడ్డున నున్న కాకికి దాహమైనను చిక్కు లేదు గదా! నీరు కనబడుచున్నది, ముక్కు అందుట లేదు, అదియే చిక్కు. మరికొందరు "రాళ్లు వేసింది" అందురు. అది చిక్కు విడిన తీరు. పంచతంత్రములోని సింహము, కుందేలు కథ చెప్పినచో "సింహమే చిక్కు" అందురు. అది 'ఎవరు' అను ప్రశ్నకు జవాబు. కుందేలు బ్రతుకగోరుచున్నది, సింహమును ఎదిరించు బలము దానికి లేదు; చిక్కు ఆ రెంటి నడుమ నున్నది.

ఈ భేదమును పిల్లలకు పట్టియిచ్చు చిన్న పలుకు మన భాషలోనే యున్నది. అది 'కాని'. "కాకికి నీళ్లు కావాలి, కానీ..." అని మనమాగవలెను. మిగిలినది పిల్లవాడు పూరించును. 'కాని'కి ముందున్నది కోరిక, తరువాతిది అడ్డు. నాలుగైదు కథలకు ఇట్లు చేసినచో, ఆరవ కథకు వాడే వాక్యమంతయు చెప్పును.

పిల్లలు విన్న కథలో దేనిని గుర్తుంచుకొందురు అను విషయమును శాస్త్రజ్ఞులును పరిశోధించినారు. 1979లో నాన్సీ స్టైన్, క్రిస్టీన్ గ్లెన్ అను అమెరికా పరిశోధకులు కథను భాగములుగా విడదీసి చూపిరి: పాత్రయు చోటును తెలుపుట, కదలిక తెచ్చు సంఘటన, పాత్ర మనసులో కలిగిన కోరిక, ప్రయత్నము, ఫలితము, దానిపై పాత్ర స్పందన. ఈ వరుసలో ఒక సంఘటన కోరికను రేపి, ప్రయత్నమునకు కారణమగుచోట మనము చెప్పుకొన్న చిక్కున్నది. అది దొరికినచో తక్కిన భాగములు దారమునకు పూసలవలె వచ్చి చేరును.

ఈ పాఠమునకు మన ఏడు చేపల కథను మించినది లేదు. రాజకుమారులు తెచ్చిన ఏడు చేపలలో ఒకటి ఎండలేదు. చేపకు ఎండ కావలెను, కాని గడ్డిమేటు అడ్డము. మేటు తరుగవలెను, కాని ఆవు మేయలేదు. ఆవుకు మేత కావలెను, కాని గొల్లవాడు మేపలేదు. వానికి అన్నము కావలెను, కాని అవ్వ పెట్టలేదు. అవ్వ వడ్డింపవలెను, కాని పిల్లవాడు ఏడ్చుచున్నాడు. ఏడ్పునకు కారణము చీమ. చీమ నడిగినచో దానికిని ఒక చిక్కున్నది: దాని పుట్టలో ఎవరో వేలు పెట్టిరి! ఒకరి చిక్కు వెనుక మరియొకరి చిక్కున్నదని ఇంత చిన్న కథ చెప్పుచున్నది. మేటును తిట్టినంత మాత్రమున చేప ఎండదు.

కథ చెప్పునపుడు పాటింపదగిన విషయములు కొన్ని గలవు. చిక్కు పడినచోట ఒక్క క్షణము ఆగుడు. ప్రశ్న వేసిన పిదప తొందరపడి జవాబు మీరే చెప్పకుడు. పిల్లవానికి ఆలోచించుటకు వ్యవధి కావలెను. వాడు చెప్పినది వింతగా తోచినను తప్పనకుడు. "నీకెట్లా తెలిసింది?" అని అడుగుడు, జవాబు చెప్పబోయి వాడే సరిదిద్దుకొనును. మాటలు చాలని పసివాడు బొమ్మ వేసి చూపవచ్చును. రేడియో కథ మన కొరకు ఆగదు. కనుక అది ముగియగనే రేడియో కట్టివేసి, వేడి చల్లారకముందే అడుగవలెను. అందులో బొమ్మలు లేకుండుట మేలే. చిక్కును బిడ్డ తన మనసులోనే చూడవలెను గదా!

ఇంత శ్రమ యెందులకని ఎవరైన అడుగవచ్చును. మేమెరిగిన ఒక ఇంట ఆరేండ్ల పిల్లవాడు బడికి పోనని మొండికేసెను. తండ్రి బద్ధకమనెను. తల్లి కడుపునొప్పి యనుకొని వాము నీళ్లు పట్టెను. నాలుగు దినములు ఏడ్పులతోనే గడచెను. అయిదవనాటి రాత్రి నాయనమ్మ ఏడు చేపల కథ చెప్పి, "చేపకు మేటు అడ్డం. మరి నీకేం అడ్డమొచ్చిందిరా, నాన్నా?" అని అడిగెను. వాడు కొంతసేపు ఊరకుండి, "బడికి పోవాలనే ఉంది నాయనమ్మా, కానీ సందు మొగలో కుక్క ఉంది" అనెను. మరునాటి నుండి తండ్రి ఆ సందు దాటువరకు వెంట నడిచెను. ఏడ్పు ఆగెను.

పసివారి ఏడ్పులలో, అలుకలలో, మౌనములో 'కాని'కి తరువాతి మాట తరచుగా లోపలనే నిలిచిపోవును. దానిని బయటికి చెప్పుట వారికి చేతకాదు. కాకి చిక్కును, కుందేలు చిక్కును చెప్పి చెప్పి అలవాటుపడిన నాలుక తన చిక్కును చెప్పుటకు వెనుదీయదు. చెప్పగలిగిన బిడ్డకు మనము సాయపడగలము. కనుక ఈ రాత్రి కథ ముగిసిన పిదప, నీతిని రేపటికి ఉంచి, "చిక్కు ఎక్కడ పడింది?" అని అడిగి చూడుడు. ఆ పిదప వాడు చెప్పునంతవరకు ఓపికతో వినుడు.